విద్యుత్ కారు బ్రేకులు: ఏళ్ల వాడకం తరువాత, ఒక లీకు తరువాత

విద్యుత్ కారు ఉన్నవారు ఎక్కడ కలిసినా గొప్పగా చెప్పుకునే విషయం బ్రేక్ ప్యాడ్లు అరగకపోవడం. అందులో అబద్ధం లేదు. కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి బండి వేగాన్ని కరెంటుగా బ్యాటరీలోకి మళ్లిస్తుంది కాబట్టి, ప్యాడ్లకు పని పడేది చాలావరకు గట్టిగా తొక్కినప్పుడే. నా కారుకు ఇన్నేళ్ల తరువాత కూడా ప్యాడ్లు మందంగానే ఉన్నాయి. అయితే బ్రేక్ ఆయిల్ కారింది. పని లేకపోవడమే దానికి మూలకారణం.

ముందుగా తెలిసింది బానెట్ కింద ఉన్న ఆయిల్ డబ్బాలో. మట్టం పై గీత నుంచి మెల్లగా కింది గీత వైపు జారుతూ వచ్చింది. సర్వీసు చేసినవారు కాస్త ఆయిల్ పోసి, "ప్యాడ్లు అరిగే కొద్దీ తగ్గడం మామూలే" అన్నారు. పెట్రోలు కారు విషయంలో ఆ మాట నిజమే: ప్యాడ్లు పలచబడితే వాటిని డిస్కు మీదికి నెట్టే పిస్టన్లు ముందుకు జరిగి నిలుస్తాయి, వాటి వెనుక ఏర్పడిన ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, పైన మట్టం తగ్గుతుంది. ప్యాడ్లు అరగనే లేదే, మరి ఆ ఆయిల్ ఎక్కడికి పోయినట్టు? విద్యుత్ కారులో మట్టం తగ్గిందంటే నేను దాన్ని లీకుగానే లెక్కిస్తాను, కాదని తేలేవరకు. ఊరికే పైన పోసి పంపడం నాకు సమ్మతం కాదు.

పెడల్ మాత్రం ఏ సూచనా ఇవ్వలేదు. మెల్లగా ఆపేటప్పుడు పనంతా మోటారుదే కాబట్టి ఆయిల్ వైపు ఉన్న లోపం పాదానికి తెలియదు. తేడా తెలిసింది బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు. కరెంటు దాచుకునే చోటు లేక మోటారు బ్రేకింగ్ తగ్గిపోతుంది, అప్పుడు అసలు బ్రేకులు రంగంలోకి దిగుతాయి. అలాంటి రోజుల్లో పెడల్ కొంచెం లోతుగా వెళుతున్నట్టు అనిపించింది. బ్రేకుల అసలు స్థితి తెలుసుకోవాలంటే నిండు బ్యాటరీతో నెమ్మదిగా నడిపి చూడటం మంచి పద్ధతి. పెడల్ తొక్కి పట్టుకుంటే అది దిగిపోతూ ఉంటే, లేదా ఎర్ర దీపం వెలిగితే, ఆ పరీక్ష కూడా వద్దు. బండిని లాగించుకుని వెళ్లడమే.

కింద కనిపించిన ప్రతి తడీ బ్రేక్ ఆయిల్ కాదు. ఏసీ నుంచి కారేది మంచినీళ్లలా ఉంటుంది. బ్యాటరీని, మోటారును చల్లబరిచే కూలెంట్‌కు రంగు ఉంటుంది. బ్రేక్ ఆయిల్ కొత్తదైతే లేత తేనె రంగులో, పాతదైతే గోధుమ రంగులో ఉండి వేళ్ల మధ్య జారుతుంది, నీటిలో కలిసిపోతుంది, పెయింటును తినేస్తుంది. బాడీ మీద పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లతో కడగాలి. నా కారు విషయంలో నాలుగు చక్రాల కిందా అట్టముక్కలు పరిచి రాత్రంతా వదిలేస్తే, ఎడమవైపు వెనుక చక్రం కిందిదానికే మరక అంటింది. ఆ టైరు లోపలి గోడ కూడా తడిగా ఉంది. మరక ఎక్కడా లేకుండా మట్టం తగ్గుతుంటే పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ వెనుక సీలును అనుమానించాలి. అక్కడ కారింది పెడల్‌కు బలం కలిపే బూస్టర్‌లోకి పోతుంది తప్ప నేలమీద పడదు.

చక్రం విప్పి, పిస్టన్, ప్యాడ్లు ఉండే క్యాలిపర్‌ను బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి, ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే ఇంకొకరు లైటు వేసి చూశారు. హోస్ పైపు పొడిగా ఉంది, బోల్టు దగ్గరా చెమ్మ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగి, దాని అంచు నుంచి ఆయిల్ ఊరుతోంది. తొడుగు తీస్తే పిస్టన్ మీద తుప్పు గుంతలు. కదలిక లేని పిస్టన్, చిరుగులోంచి చేరిన నీరు, ఇక చెప్పేదేముంది! గరుకు తేలిన ఆ పిస్టన్ లోపలి సీలును కోసేసింది.

ఇక్కడ చవకైన దారి సీల్ కిట్. పిస్టన్ నున్నగా ఉంటే అది చాలు. గుంతలు పడిన పిస్టన్‌కు కొత్త సీలు వేస్తే మళ్లీ కారుతుంది, అందుకే క్యాలిపర్ మొత్తం మార్పించాను. ఆయిల్ తాగిన ప్యాడ్లను ఎంత కడిగినా నమ్మలేం. అవి ఎంత మందంగా ఉన్నా రెండు వెనుక చక్రాలకూ కొత్తవి వేయించాల్సి వచ్చింది. హోస్ బోల్టుకు ఇరువైపులా ఉండే రాగి వాషర్లు కొత్తవే పడేలా చూసుకున్నాను, పాతవి రెండోసారి సరిగా అదమవు.

సొంతంగా చేయగల చేతులు ఉన్నవారికీ నేను ఇంట్లో వద్దనే చెబుతాను. వెనుక క్యాలిపర్ మీద ఉండే హ్యాండ్ బ్రేక్ మోటారును సర్వీసు మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ను వెనక్కి నెడితే ఆ మోటారు పాడవచ్చు. ఎలక్ట్రిక్ బూస్టర్, ఏబీఎస్ ఉన్న నా కారులో బ్రేక్ పైపుల్లోని గాలి తీయడానికి కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్ కావలసి వచ్చింది. అడుగున బ్యాటరీ పరిచి ఉంటుంది కాబట్టి జాకీ నిర్ణీత స్థలాల్లోనే పెట్టాలి, హై వోల్టేజి ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకూడదు. షెడ్డులో మీరు అడగవలసినది సీలు విప్పని బ్రేక్ ఆయిల్ డబ్బా. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు పీల్చాక ఆ హద్దు 155కు దిగుతుంది. తెరిచిపెట్టిన డబ్బా గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. డాట్ 5 సిలికాన్ రకం, దీనితో కలవదు.

బాగు చేయించిన తరువాత మట్టం గీత మీదే నిలిచింది, నిండు బ్యాటరీతోనూ పెడల్ గట్టిగా ఉంది. కారు మీద నా ఫిర్యాదు ఒకటే: ఆయిల్ డబ్బా కనిపించాలంటే ప్లాస్టిక్ కవరు విప్పాలి. ఎవరు చూస్తారు? ఇప్పుడు వెనుక వాహనాలు లేని ఖాళీ రోడ్డు మీద అప్పుడప్పుడూ న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు వేస్తుంటాను. మోటారు సాయం ఉండదు కాబట్టి ప్యాడ్లే డిస్కు మీది తుప్పును గీకేస్తాయి. కుడివైపు వెనుక క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులూ బిగుసుకుపోవడం మొదలైందని ఆ రిపేరులోనే తేలింది. వాటిని శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టారు. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. ఆ కుడివైపు క్యాలిపర్ పిస్టన్ తొడుగు ఇంకా చిరగలేదు.