కానాగంతలకు ఆరు గాలాల సెట్టు: కొనొచ్చా, వద్దా?

ఆన్‌లైన్‌లో ‘సబికి’ అని కొడితే వచ్చే సరుకు ఇది. జపాన్ వాళ్ల పద్ధతి. ఒకే తంగూసుకి పొట్టి పొట్టి కొసలు కట్టి, వాటికి ఆరు చిన్న గాలాలు బిగించి ఉంటాయి. ఒక్కో గాలం మీద వెండి రంగులో మెరిసే చేప తోలు ముక్క, దాన్ని పట్టుకోడానికి ఎర్ర దారం చుట్టు, ఒక పచ్చ పూస. పైన స్వివెల్ (తంగూసు మెలిపడకుండా గుండ్రంగా తిరిగే చిన్న కీలు), అడుగున సీసం తగిలించే కొక్కెం. సీసం ప్యాకెట్‌లో రాదు, మనమే కొనుక్కోవాలి. నేను తెప్పించింది 10వ నంబరు. ప్యాకెట్‌కి రెండు సెట్లు, 160 రూపాయలు. కానాగంతల కోసమైతే డబ్బులు దండగ కావు. ఇంకే చేప కోసమైనా కొనొద్దు.

నాది కావలిలో మందుల షాపు. ఆదివారం షట్టరు దించి తుమ్మలపెంట పోతుంటాను. అక్కడ ఫైబర్ బోటున్న ఒకన్న, ఆయిలు ఖర్చులో వాటా ఇస్తే ఎక్కించుకుంటాడు. ఈ సెట్టు బయటికి తీయగానే ఆయన నవ్వాడు. "కానాగంతలకి వలెయ్యాల గానీ గాలమేంది సామీ" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. పెద్ద కానాగంత ప్రధానంగా నీళ్లలో తేలే సన్న జీవుల్ని తిని బతుకుతుంది. నోరు బార్లా తెరిచి ఈదుతూ మొప్పల దగ్గర వాటిని వడకట్టుకుంటుంది. పట్టినదాని నోరు ఒకసారి తెరిచి చూడండి, ఆ జల్లెడ పళ్లు పొడుగ్గా గొంతు దాకా కనిపిస్తాయి. అయితే రొయ్య పిల్లలూ చేప పిల్లలూ ఎదురైతే వాటినీ వదలదు. ఈ చేప తోలు ముక్క నీళ్లలో కదిలితే వాటిలాగే మెరుస్తుంది. ఎర గుచ్చే పనే లేదు.

వాడే పద్ధతి సులువు. మేం ఆపే చోట లోతు ఎనిమిది బారల దాకా ఉంటుంది. 50 గ్రాముల సీసం కట్టి అడుగు తగిలేదాకా వదిలి, ఒక బార పైకి తీసి, చెయ్యి నిదానంగా ఎత్తుతూ దించుతూ ఉండాలి. కింద తగలకపోతే ఇంకో బార పైకి. గుంపు ఏ లోతులో ఉందో దొరికాక తంగూసుకి ఆ చోట రంగు దారం ముడేసుకుంటే వెతుకులాట తగ్గుతుంది. కానాగంత తగిలితే గుంజుడు పెద్దగా ఉండదు, తంగూసు గజగజా వణుకుతుంది. అప్పుడే లాగకండి. ఆ ఒక్కటి కొట్టుకుంటుంటే మిగతా ఐదు గాలాలు కూడా కదులుతాయి, గుంపులోవి వాటినీ అందుకుంటాయి. కాసేపాగి తీస్తే నాలుగైదు వేలాడుతూ వస్తాయి. వీపు మీద పచ్చటి మెరుపు, నల్ల చారలు, పక్క రెక్క కింద ఒక నల్ల చుక్క. ఆ చుక్క చూస్తే కానాగంతే అని ఖాయం.

మా బోటన్న నవ్వు ఆగింది కూడా అప్పుడే, కాకపోతే ఆయన లెక్క వేరు. బతికున్న కానాగంత వంజరానికి మంచి ఎర. నా చేతిలోంచి రెండు లాక్కుని స్టీలు తీగ కట్టిన తన పెద్ద గాలాలకి గుచ్చి వెనక వదిలాడు. ఇప్పుడు నేను బోటెక్కగానే "ఆ మెరుపుల గాలం తెచ్చావా అబ్బయా" అనేది ఆయనే.

ఇక లోపాలు. మొదటిది వంజరమే. పైకొచ్చే కానాగంతల వెంట అది పడిందంటే సెట్టు సగానికి తెగుతుంది. వంజరం పళ్ల ముందు తంగూసు ఎంత లావున్నా ఒకటే. తీగ లేకుండా దానితో పెట్టుకోకూడదు, ఈ సెట్టుకేమో తీగ కట్టే వీలు లేదు. ఓ మాదిరి పార చేప పడినా పక్క కొసలు పుటుక్కుమంటాయి.

రెండోది చిక్కు. అట్ట మీద నుంచి విప్పేటప్పుడు ఒక్కో గాలమే ఊడదీస్తూ, సీసం ముందే బోటు బయటికి దించాలి. అలలకి బోటు ఊగుతుంటే ఆరు గాలాలు ఒళ్లో వేసుకుని కూర్చుంటే చొక్కాకి ఒకటి, వేలికి ఒకటి ఖాయం. గాలాల కొన దగ్గర వెనక్కి తిరిగుండే చిన్న ముల్లుని నేను ఇంట్లోనే కటింగ్ ప్లయరుతో నొక్కేస్తాను. చేప ఒకటీ అరా జారినా ఫరవాలేదు, వేలిలోంచి ఊడదీయడం తేలిక.

మూడోది తుప్పు. వాడిన సెట్టుని ఆ రాత్రే మంచినీళ్లలో జాడించి ఆరబెట్టకపోతే వచ్చే వారానికి గాలం ఎర్రగా పెళుసెక్కిపోతుంది. ఇంకొకటి, మూడో ఆర్డరులో వచ్చిన ప్యాకెట్లలో పక్క ముడులు చేత్తో లాగితేనే జారాయి. అమ్మినవాణ్ని అడిగితే రిటర్ను గడువు దాటిపోయిందన్నాడు. అందుకే ఇప్పుడు రాగానే ఒక్కో ముడీ గుంజి చూసి పెట్టుకుంటున్నాను.

ఇన్ని తంటాలెందుకు, ఒడ్డున వల బోటు రాగానే కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనుక్కోవచ్చు. నాకున్న పట్టింపు ఐసు దగ్గర. కానాగంత ఎండకి అన్నిటికంటే ముందు చెడే చేపల్లో ఒకటి. దాని కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప వేడిలో పడుంటే బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా, అంటే అలర్జీ లాంటి లక్షణాలు తెప్పించే పదార్థంగా మారుస్తుంది. ఒకసారి తయారయ్యాక ఎంత ఉడికించినా, వేయించినా పోదు. వాసన చూసి కూడా కచ్చితంగా చెప్పలేం. తిన్న కాసేపటికే మొహం ఎర్రబారి, ఒళ్లంతా దురద, తలనొప్పి. "చేప పడలేదు, సెట్రిజిన్ ఒకటియ్యన్నా" అంటూ షాపుకొస్తుంటారు. చాలామందికి పడనిది చేప కాదు, ఆ చేప ఎండలో గడిపిన పూట. ఊపిరి ఆడనట్టు ఉంటే మాత్రం నేను మాత్రలిచ్చి పంపను, ఆసుపత్రికి పొమ్మంటాను.

గాలంతో పట్టినది బతికుండగానే ఐసులోకి పోతుంది. ఉత్త ఐసు ముక్కల మీద పెట్టడం కంటే, ఐసులో రెండు చెంబుల సముద్రం నీళ్లు కలిపి చేపని అందులో ముంచేస్తే తొందరగా చల్లబడుతుంది. చేప కర్రలాగా బిగుస్తుంది. ఇంటికొచ్చాక మామిడికాయ వేసి పులుసు పెడితే ముక్క చెదరదు. మా ఆవిడైతే ఈ చేపల్నే పులుసుకి తీసుకుంటుంది, ఒడ్డున కొన్నవి వేపుడుకి తోసేస్తుంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్లు 8 లేదా 10 నంబరు తీసుకోండి (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది), అంతకంటే చిన్న గాలాలకి నెత్తళ్లే పడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజను బోట్లు కదలవు కాబట్టి మార్చి చివర్లో ఆర్డరు పెట్టి ఉపయోగం లేదు, రిటర్ను గడువులోపు నీళ్లలో దించి చూడలేరు. ఐసు మాత్రం ఊళ్లోనే పెట్టె నిండా వేయించుకుని బయల్దేరండి.