బంగారు బల్లి కోసం కొన్న హెడ్‌ల్యాంప్: ఆరు నెలల అనుభవం

చెన్నై రిచీ వీధిలో 1,150 రూపాయలకు తలకు కట్టుకునే ఈ హెడ్‌ల్యాంప్ కొని ఆరు నెలలైంది. ఇదే తయారీ అక్కడ నాలుగైదు పేర్లతో అమ్ముడవుతోంది కనుక పేరుకు బదులు గుర్తులు చెబుతాను: నల్లటి ఒళ్ళు, మధ్యలో ఒక పెద్ద తెల్ల దీపం, దాని కింద చిన్న ఎర్ర దీపం, రెండింటికీ కలిపి ఒకటే బటను, సి-టైపు చార్జింగు. దుకాణంలోని అబ్బాయి నెల్లూరు వాడు. రాత్రిపూట రాళ్ళ మీద బల్లులను చూడటానికి కావాలని చెప్పగానే, "అయితే ఎర్ర లైటు ఉన్నదే తీసుకోండి సార్, పురుగులు కూడా అంతగా మూగవు" అన్నాడు. ఆ సలహా మంచిదే.

కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చినవారు చెన్నై తెలుగు ఇళ్ళలో లేకపోరు. ప్రాణమున్న బంగారు బల్లి మన శేషాచలం కొండల్లో, రాతి నెర్రెల్లో బతుకుతోందన్న సంగతి మాత్రం వారిలో చాలామందికి తెలియదు. బ్రిటిషు సైనికాధికారి, ప్రకృతి శాస్త్రవేత్త అయిన బెడ్డోమ్ 1870లో తిరుపతి కొండల నుంచి దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా దాదాపు ఎవరి కంటా పడని ఈ బల్లి 1980లలో తిరుమల కొండల్లోనే మళ్ళీ కనిపించింది. ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, ఉన్నవి రెండే జాతులు. రెండవది శ్రీలంకలో ఉంటుంది. ఇంత అరుదైన జీవిని చూడబోయేటప్పుడు మన దీపం దానికి కీడు చేయకూడదు. అందుకే ఈ సమీక్షలో దీపం ఎంత దూరం కొడుతుందన్న దానికన్నా, బల్లి దాన్ని ఎలా తట్టుకుంటుందన్నదే నాకు ముఖ్యం.

అటవీ శాఖ సిబ్బంది ఒకరు తోడు రాగా, మా పెద్దమ్మాయితో కలిసి శేషాచలం కొండల్లోని తలకోనలో వాగు పక్కన ఉన్న గుండ్ల దగ్గరికి చీకటి పడ్డాక వెళ్ళాను. తేమ తగులుతూ, పైన రాతి చూరు ఉండి, ఎండా వానా నేరుగా పడని చోట్లు ఈ బల్లికి ఇష్టం. అక్కడే ఈ దీపంలోని పెద్ద లోపం బయటపడింది. బటను మొదటిసారి నొక్కితే తెల్ల దీపం పూర్తి వెలుగుతో వెలుగుతుంది, రెండోసారి నొక్కితే సగానికి తగ్గుతుంది, మూడోసారికి గానీ ఎర్ర దీపం రాదు. మొదటి నొక్కుకే మూడడుగుల దూరంలో ఉన్న బల్లి కంటిపాప నిలువు గీతలా సన్నబడింది. "నాన్నా, కన్ను మూసేసుకుంది" అంది అమ్మాయి. నిజానికి దానికి మూసుకోవడానికి రెప్పలే లేవు. కంటి మీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, దాన్ని నాలుకతో తుడుచుకుంటుంది. మరుక్షణంలో బల్లి నెర్రెలోకి దూరిపోయింది.

బల్లుల పూర్వీకులు పగటి జీవులని శాస్త్రజ్ఞులు భావిస్తారు. రాత్రి బతుకుకు మళ్ళిన తరువాత వాటి కంట్లో మసక వెలుతురుకు పనికొచ్చే దండ కణాలు లేకపోగా, రంగులు గుర్తించే శంకు కణాలే పెద్దవై ఆ పని చేస్తున్నాయి. అందువల్ల చాలా బల్లులు మనకు రంగులు తెలియని మసక వెలుతురులోనూ రంగులు చూడగలవు. అవి అతినీలలోహిత, నీలి, ఆకుపచ్చ వెలుగులను బాగా పట్టుకుంటాయి కానీ ఎరుపు వాటికి చాలా తక్కువగా తెలుస్తుంది. రెండో గుండు దగ్గర దీపాన్ని అరచేత్తో కప్పి, ఎర్ర వెలుగు వచ్చాకే చెయ్యి తీశాను. అక్కడున్న బల్లి పది నిమిషాలు కదలలేదు.

ఆ పది నిమిషాలకే ఈ దీపానికి పెట్టిన డబ్బు గిట్టిందనిపించింది. వేళ్ళ చివర జంటలుగా విచ్చుకున్న వెడల్పాటి మెత్తలు రాతిని అంటి ఉన్నాయి. వాటి అడుగున కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. ఒక్కో నూగు కొన మళ్ళీ వందల పాయలుగా చీలి, జిగురేమీ లేకుండానే అణువుల మధ్య ఆకర్షణతో రాతిని పట్టుకుంటుంది. కాలు ఎత్తే ముందు బల్లి వేళ్ళను కొన నుంచి పైకి ముడవడం, ఆ పట్టు వదలడం ఎర్ర వెలుగులోనూ స్పష్టంగా తెలిసింది.

తెలియనిది రంగు. జత కట్టే కాలంలో మగ బల్లి పసిమి బంగారంలా మెరుస్తుంది, ఆడది గోధుమ రంగులో ఉంటుంది. ఎర్ర వెలుగులో ఏదైనా ఒకే మసక ముద్దలా కనిపిస్తుంది. రంగు చూడాలంటే చాలా తక్కువ తెల్ల వెలుగు కావాలి, ఈ దీపంలో అది లేదు; సగం వెలుగే బల్లికి ఎక్కువ. నేను దీపం మీద రెండు మడతల బటర్ పేపరు అంటించి పని గడుపుకున్నాను.

అదే పలుచని వెలుగులో రాతి చూరు లోపలి గోడకు అతికిన తెల్లటి గుడ్లు కనిపించాయి. ఆడది ఒక విడతకు రెండు గుడ్లు పెడుతుంది. అప్పుడు మెత్తగా ఉండి రాతికి అంటుకునే పెంకు తరువాత గట్టిపడుతుంది. అనేక ఆడ బల్లులు ఒకే చోటికి వచ్చి పెట్టడం వల్ల కొత్త గుడ్ల పక్కనే పిల్లలు బయటికి వెళ్ళిపోయిన పాత గుడ్ల తెల్లని వలయాలు మిగిలి ఉన్నాయి. అటువంటి చోటు ఒక్కటి పాడైతే ఎన్నో బల్లుల సంతానం పోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో చోటు పొందిన జీవి ఇది. గుడ్లను తాకవద్దని, ఫ్లాష్‌తో ఫొటోలు తీయవద్దని మనవి.

మిగతా విషయాలు క్లుప్తంగా చెబుతాను. తలకు బరువుగా అనిపించదు, చినుకులకు చెడలేదు. పట్టీ మాత్రం చెమటకు సాగి, మూడో నెల నుంచే జారుతోంది. పూర్తి వెలుగులో చార్జి రెండున్నర గంటలు వస్తుంది. మేడ మీదికి, కరెంటు పోయినప్పుడు ఇంట్లోకి ఇది చాలు. రాతి బల్లుల దగ్గరికి వెళ్ళేవారు ఎర్ర దీపానికి వేరే బటను ఉన్నదే అడగండి. పోయిన వారం అదే దుకాణంలో అలాంటిది 1,900 రూపాయలకు చూపించారు. మళ్ళీ తలకోనకు వెళ్ళే ముందు దాన్నే కొంటాను.