ఒకేసారి వందమందికి దెబ్బలు తగిలితే: ఇంకొన్ని 108లా, స్పెషల్ టీమా, ఊళ్ళోవాళ్ళకి ట్రైనింగా, ఏది మేలు?

108 బండిలో స్ట్రెచర్ ఒకటే. పక్కన బెంచీ మీద కూర్చోగలిగినవాళ్ళని ఇంకో ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించొచ్చు, మనుషులు చూస్తే ఒక ఈఎంటీ, అంటే దారిలో ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్, ఒక పైలట్, అంటే డ్రైవర్. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు దగ్గర ఆర్టీసీ బస్సు లోయలో పడినప్పుడు పోయినవాళ్ళే 60 మందికి పైన. అలాంటి చోటికి ఎన్ని బండ్లు కావాలో ఎవరికైనా అర్థమవుతుంది, ఏ జిల్లాలోనూ అన్ని బండ్లు ఖాళీగా ఉండవు. అందుకే ఉన్న డబ్బుని ముందు దేనికి పెట్టాలి అన్నది తేల్చుకోవాలి.

మొదటిది బండ్లు పెంచడం. 2020 జులై 1న ఏపీలో 108, 104 కలిపి 1088 బండ్లు ఒకేరోజు రోడ్డెక్కాయి, టౌన్లలో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30 నిమిషాల్లో చేరాలని టార్గెట్ పెట్టారు. దీన్ని తక్కువ చేసి మాట్లాడలేం, కాన్పుకీ గుండెనొప్పికీ పాము కాటుకీ రోజూ పనికొస్తాయి. కానీ పెద్ద ప్రమాదం రోజున ఏమవుతుందంటే చుట్టుపక్కల బండ్లన్నీ అక్కడికే వచ్చేస్తాయి, ఒక్కొక్కటీ ముందు కనబడ్డ మనిషిని ఎక్కించుకుని దగ్గర్లో ఉన్న ఆస్పత్రికే పరిగెడుతుంది, కాసేపట్లో ఆ ఆస్పత్రి క్యాజువాలిటీ నిండిపోతుంది, గట్టిగా అరిచేవాళ్ళు ముందు వెళ్ళిపోతారు, చప్పుడు చెయ్యకుండా పడున్నవాళ్ళు మిగిలిపోతారు, నిజానికి ముందు తీసుకెళ్ళాల్సింది చాలాసార్లు వాళ్ళనే. అదే టైంలో పక్క మండలంలో నొప్పులొచ్చిన ఆవిడకి బండి ఉండదు.

రెండోది స్పెషల్ టీమ్. ఇంగ్లండ్‌లో హార్ట్ (హజార్డస్ ఏరియా రెస్పాన్స్ టీమ్) అని అంబులెన్స్ సర్వీసులోనే విడిగా టీములున్నాయి, గ్యాస్, మంటలు, కూలిన బిల్డింగ్ లాంటి చోట్లకి సొంత ఆక్సిజన్ సెట్లతో లోపలికి వెళ్ళి అక్కడే వైద్యం మొదలుపెడతారు. మనకి ఇది ఎందుకు కావాలో విశాఖలో చూశాం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ వెంకటాపురం మీదకి వచ్చినప్పుడు జనం ఇళ్ళలోంచి పరిగెత్తి రోడ్ల మీదే కుప్పకూలిపోయారు, 12 మంది పోయారు, వందలమందిని ఆస్పత్రుల్లో చేర్చారు. విషవాయువుల మధ్య పనిచేసే ప్రత్యేక ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) నిపుణులు పుణె నుంచి విమానంలో రావాల్సి వచ్చింది, అప్పటికి మనుషుల్ని మొయ్యాల్సిన టైం ఎప్పుడో అయిపోయింది. మోసింది పోలీసులు, 108 వాళ్ళు, పక్క వీధుల వాళ్ళు.

కానీ టీమ్ ఉంటే చాలనుకోవడం కూడా తప్పే. 2017 మే 22న అదే ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ ఎరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు, అక్కడ హార్ట్ ఉంది, ప్లాన్లు ఉన్నాయి, అయినా పేలుడు జరిగిన హాల్లోకి వెళ్ళిన పారామెడిక్‌లు మొత్తం ముగ్గురే. గాయపడ్డవాళ్ళని బోర్డుల మీదా ఇనప బారికేడ్ల మీదా మోసుకుని కిందికి దించారు. ఎవరు లోపలికి వెళ్ళాలి, లోపల సేఫా కాదా అని చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్పకపోతే సామాను ఎంతున్నా బయటే ఉండిపోతుంది, 2022లో వచ్చిన ఎంక్వైరీ రిపోర్ట్ ఈ లోపాలన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది.

మూడోది చవకైనది, మన దగ్గర ఎవరూ పట్టించుకోనిది. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో బోగీల దగ్గరికి ముందు చేరింది ఆ ఊళ్ళవాళ్ళే. ఎక్కడైనా అంతే. అలాంటప్పుడు పోలీస్ స్టేషన్లో, టోల్ గేట్ దగ్గర, పీహెచ్‌సీలో రక్తం ఆపే బిగింపు పట్టీలు, మడతపెట్టే స్ట్రెచర్లు, ఎవరిని ముందు తీసుకెళ్ళాలో గుర్తుపట్టడానికి మనిషికి కట్టే ఎర్ర పసుపు ఆకుపచ్చ నల్ల ట్యాగులు ఉంచి, ఎలా వాడాలో నేర్పిస్తే బండి వచ్చేలోపు కొంతమందైనా బతుకుతారు. గ్యాస్ లీకుల్లో మాత్రం ఇది పనికిరాదు, తెలియకుండా లోపలికి వెళ్ళినవాళ్ళూ పడిపోతారు.

నా లెక్కలో అన్నింటికంటే ముందు చెయ్యాల్సినదానికి పెద్దగా ఖర్చే లేదు. ముందు చేరిన 108 అక్కడే ఉండిపోవాలి, పేషెంట్‌ని ఎక్కించుకుని వెళ్ళకూడదు. ఆ ఈఎంటీ ఎంతమంది ఉన్నారు, దారి ఎటు, ఎలాంటి ప్రమాదం అని కంట్రోల్ రూమ్‌కి చెప్పి, ట్యాగులు కట్టి, వెనకొచ్చే బండ్లని ఏది ఏ ఆస్పత్రికో పంచాలి. చాలా దేశాల్లో ఇదే రూల్. మన దగ్గర కష్టం ఎక్కడంటే, కళ్ళముందు మనుషులు చచ్చిపోతుంటే ఖాళీ బండి కదలకపోతే జనం ఊరుకోరు, ఆ కుర్రాడి మీద చెయ్యి చేసుకుంటారు. అందుకని స్టేషన్ ఎస్ఐకి ఈ రూల్ ముందే తెలిసుండాలి, వెళ్ళి ఆయన పక్కన నిలబడాలి.

దాని తర్వాత కిట్లూ ట్రైనింగూ, అన్ని మండలాల్లో. స్పెషల్ టీమ్ అన్నిచోట్లా అక్కర్లేదు, ఫ్యాక్టరీలు ఎక్కువున్న విశాఖ దగ్గరి పరవాడ, అచ్యుతాపురం వైపు ఒకటి, 2025 జూన్ 30న సిగాచీ ఫ్యాక్టరీ పేలిన హైదరాబాద్ దగ్గరి పాశమైలారం వైపు ఒకటి మాత్రం 24 గంటలూ రెడీగా ఉండాల్సిందే, ఆ ఖర్చులో సగమన్నా అక్కడి కంపెనీల నుంచే వసూలు చెయ్యాలి. కొత్త బండ్లు రోజువారీ అవసరాన్ని బట్టి ఎలాగూ కొనాలి, వాటిని ఈ లెక్కలో కలపకండి.