పైలం: రంగు పూసిన ‘రీకండిషన్’ బ్రేక్ క్యాలిపర్ కొంటున్నారా? ఆయిల్ పోయకముందే చూడండి

నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు ఇంటికాడే కారు ముందు బ్రేకులు పెద్దవి వేసుకుందామనుకునేవాళ్లు డబ్బు కట్టకముందు ఇది చదవండి. పాత చిన్న కారుకి అదే కంపెనీ పైమోడల్ డిస్కులు, క్యాలిపర్లు (డిస్కుని రెండు పక్కలా ప్యాడులతో నొక్కి పట్టేవి) ఎక్కిద్దామనుకుంటారు. కొత్త జత ధర చూసి వెనక్కి తగ్గి, ‘రీకండిషన్’, అంటే వాడినదాన్ని బాగుచేసినది అని ఎర్రరంగు కొట్టి అమ్మే జత తీసుకుంటారు. అట్లా మా చేతికొచ్చిన జతలో ఒక క్యాలిపర్‌కి పిస్టన్ (ఆయిల్ ఒత్తిడికి ప్యాడుని తోసే గుండ్రటి ముక్క) నిండా గీతలున్నాయి, బ్లీడర్ నిపుల్‌కి (లోపలి గాలి తీసే మరకి) టెఫ్లాన్ టేపు చుట్టి ఉంది, బాంజో బోల్టు (ఆయిల్ హోస్‌ని క్యాలిపర్‌కి బిగించేది) కూర్చునేచోట ఫైలుతో రాకిన గాడి ఉంది. పైకి మాత్రం మెరిసిపోతోంది. అమ్మినాయన మాట ఒకటే: ఆయిల్ పోసినంక వాపసు లేదు. కాబట్టి చూడాల్సినవన్నీ క్యాలిపర్ పొడిగా ఉన్నప్పుడే చూసెయ్యాలి.

మొదట పిస్టన్. డస్ట్ బూటు (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) అంచుని గోటితోనో ప్లాస్టిక్ పుల్లతోనో మెల్లగా పైకెత్తి టార్చ్ వెయ్యండి. స్క్రూడ్రైవర్ వాడితే బూటు తెగుతుంది, అది మీరే చింపారంటారు. పిస్టన్ అద్దంలా నునుపుగా ఉండాలి. గోరు అడ్డంగా గీస్తే ఎక్కడా తట్టుకోకూడదు. సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తే క్రోమ్ కింద తుప్పు తిన్నదని అర్థం. చాలాచోట్ల చేసేదేమంటే ఆ తుప్పుని ఎమరీ పేపరుతో రుద్ది మెరుగు తెస్తారు. దాంతోపాటు క్రోమ్ పూత కూడా పోతుంది, మళ్లీ తుప్పు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. ఆ గరుకు సీల్‌ని కోసుకుంటూ పోతుంది. పిస్టన్ మీద ఒకే దిక్కుకి సన్నగీతలు కనిపిస్తే ఎమరీ రుద్దినట్టే, వాపసు ఇచ్చెయ్యండి.

సీల్ సంగతి చాలామందికి తెలియదు. లోపలి చదరపు సీల్ ఆయిల్‌ని ఆపడమే కాదు, పిస్టన్‌ని వెనక్కి లాగేదీ అదే. బ్రేకు తొక్కినప్పుడు సీల్ కొంచెం మెలిపడి, కాలు తీయగానే తన రూపానికి వస్తూ పిస్టన్‌ని మిల్లీమీటరులో కొద్ది భాగం వెనక్కి తెస్తుంది. సీల్ కూర్చునే గాడిలో తుప్పు గీకకుండా కొత్త కిట్టు నొక్కేస్తే సీల్ బిగిసిపోయి ఆ మెలిక పడదు. ప్యాడు డిస్కుని వదలదు. ఊళ్లో తిరిగినన్నాళ్లు తెలియదు. మన్ననూరు దాటి శ్రీశైలం పోయి చూడండి: దోమలపెంట నుంచి డ్యాం దాకా దిగే మలుపుల్లో, అదీ మే నెల ఎండలో, ముందే కాగిన ఆ చక్రంలో ఆయిల్ మరుగుతుంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకుండా ఆగాలి, తేమ పీల్చాక 140 ఆగితే చాలని ప్రమాణం. డాట్ 4కి అవే 230, 155. ఆయిల్ ఆవిరైతే పెడల్ నేలకంటుతుంది.

పిస్టన్ కదులుతుందా లేదా పరీక్షించడానికి బ్లీడర్ వదులు చేసి, సీ-క్లాంపుతో నెమ్మదిగా లోపలికి తొయ్యండి. ఒకే బిగువుతో జారాలి. ఆగి ఆగి దూకితే, పక్కకి వంగితే వద్దు. బయటికి తేవడానికి పిస్టన్‌కీ ఎదురు గోడకీ మధ్య చెక్కముక్క పెట్టి, బ్లీడర్ బిగించి, బాంజో రంధ్రంలో కాలి పంపుతో కొద్దికొద్దిగా గాలి కొట్టండి. పంక్చర్ షాపు కంప్రెసర్ పెట్టొద్దు. ఆ గాలికి పిస్టన్ ఎగిరొస్తే వేళ్లు నలిగిపోతాయి.

తర్వాత థ్రెడ్లు. బ్లీడర్ నిపుల్, బాంజో బోల్టు రెండూ వేళ్లతోనే నాలుగైదు చుట్లు ఎక్కాలి, అటూఇటూ ఊగకూడదు. నిపుల్‌కి టేపు కనిపించిందా, అసలు రోగం అక్కడుంది. నిపుల్‌లో ఆయిల్‌ని ఆపేది థ్రెడ్ కాదు, అడుగున కోసుగా ఉండే కొన. ఆ కొనో అది కూర్చునే సీటో చెడితేనే టేపు, ఎం-సీల్ లాంటివి పూస్తారు. గట్టిగా తొక్కినప్పుడు బ్రేకు లైన్లో ఒత్తిడి 70 బార్ పైకి పోతుంది. కారు టైరులో గాలి రెండు బార్ చిల్లర. ఆ లెక్కన ఎం-సీల్ ఎన్నాళ్లు ఆగుతుంది? క్యాలిపర్ బాడీకి వెల్డింగ్ మచ్చ కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, పక్కన పెట్టెయ్యండి. రంగు మందంగా పూసినచోట థిన్నర్ గుడ్డతో ఒక మూల తుడిస్తే మచ్చ బయటపడుతుంది. అమ్మినాయన ముందరే తుడవండి, థిన్నర్ రబ్బరుకి తగలనివ్వొద్దు.

కుడి ఎడమలు తారుమారు చేసి పంపడం కూడా జరుగుతుంది. బోల్టులు కూర్చుంటాయి కాబట్టి బిగించేస్తారు. బ్లీడర్ ఎప్పుడూ పైవైపుకి రావాలి. కిందికి వచ్చిందంటే పై మూలన గాలి ఇరుక్కుని, లీటరు ఆయిల్ పారబోసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది.

పైమోడల్ క్యాలిపర్ అయితే పిస్టన్ సైజు వెర్నియర్‌తో కొలవండి. 51 మిల్లీమీటర్లున్నచోట 54 వస్తే పిస్టన్ వైశాల్యం సుమారు 12 శాతం పెరుగుతుంది. ముందు బ్రేకు అంత ఎక్కువ పట్టుకుంటుంది, వెనక బ్రేకుతో పొత్తు చెడుతుంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పాతదే కాబట్టి పెడల్ కూడా లోతుకి పోతుంది. డిస్కు, బ్రాకెట్, క్యాలిపర్ ఒకే మోడల్‌వి కాకపోతే ప్యాడు డిస్కు అంచు దాటి నిలబడుతుంది. పాత 13, 14 అంగుళాల వీల్ క్యాలిపర్‌కి రాసుకోవచ్చు, డిస్కు ఎక్కించాక వీల్ పెట్టి చేత్తో తిప్పి చూడండి. వాడిన డిస్కు ఇస్తే దాని మీద ముద్రించిన కనీస మందం చదివి కొలవండి.

క్యాలిపర్ అటూఇటూ జారేది స్లైడ్ పిన్ల మీద, ఆ రెండూ ఒకటి కాకపోవచ్చు. కొన్ని కార్లలో ఒకదానికే రబ్బరు బుష్ ఉంటుంది, దాని చోటు వేరు. మార్చి పెడితే క్యాలిపర్ జారదు, లోపలి ప్యాడొక్కటే అరుగుతుంది. వాటికి సిలికాన్ బ్రేక్ గ్రీజే రాయాలి. బేరింగుల్లో పెట్టే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. పిస్టన్ కడగడానికి పెట్రోలు, కిరోసిన్ కూడా వాడొద్దు, సీల్ పాడవుతుంది.

బిగించేటప్పుడు బాంజోకి అటొకటి ఇటొకటి కొత్త కాపర్ వాషర్లు, అంటే రెండు వైపులకీ కలిపి నాలుగు. పాతవి అప్పటికే నలిగి ఉంటాయి, మళ్లీ వాడితే చెమ్మ తేలుతుంది. విప్పిన క్యాలిపర్‌ని హోస్ మీద వేలాడదీయొద్దు, సస్పెన్షన్ స్ప్రింగుకి తీగతో కట్టండి. టార్క్ (ఎంత బిగువుగా తిప్పాలో చెప్పే) అంకెలు మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూసి టార్క్ పానాతోనే బిగించండి. బ్లీడర్ నిపుల్‌కి కావాల్సింది చాలా తక్కువ. చెయ్యి బలం కొద్దీ తిప్పితేనే విరిగేది. నిపుల్ విప్పి గాలి, ఆయిల్ తీసేటప్పుడు రిజర్వాయర్ ఖాళీ కానివ్వొద్దు, అర లీటరు డాట్ 4 సీసా కొత్తది, సీలు విప్పనిది పెట్టుకోండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

కారు కదిలించకముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మొదటి తొక్కుడులో అది నేలకంటుతుంది, గేటు ముందరే ప్రమాదం. ఇంజన్ స్టార్ట్ చేసి అర నిమిషం గట్టిగా తొక్కి పట్టి, ఒకరు బాంజో, బ్లీడర్, బూటు దగ్గర చెమ్మ చూడాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఐదారు కిలోమీటర్లు తిప్పి, రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి బాగా ఎక్కువ సెగ కొడితే ఆ పక్క పిస్టన్ వదలడం లేదు. బ్రేకు వేస్తే కారు ఎడమకి లాగితే కుడి క్యాలిపర్ పట్టకపోవడమో, ఎడమది అతిగా పట్టడమో. ఇవి తేలేదాకా 65 నంబరు హైవే గానీ 44 గానీ ఎక్కకండి.

మా అభిప్రాయం: బోరు (పిస్టన్ జారే రంధ్రం) బాగున్న మీ సొంత క్యాలిపర్‌కి కొత్త పిస్టన్, మంచి సీల్ కిట్టు వేయించుకోవడం, ఎక్కడిదో తెలియని రీకండిషన్ జతకన్నా మేలు. అందుకే ఎక్స్‌చేంజ్ పేరుతో పాత క్యాలిపర్లు ముందే అడిగితే ఇవ్వకండి. కొత్తది బిగించి, తిప్పి, చెమ్మ లేదని తేలాకే ఇవ్వండి.

బిల్లు మీద ‘రీకండిషన్డ్ క్యాలిపర్’ అని, కుడి ఎడమ అని, ఏ మోడల్‌దో రాయించుకోండి. ‘స్పేర్ పార్ట్స్’ అని ఒక్క ముక్క రాస్తే తర్వాత నిలబడదు. డబ్బా విప్పేటప్పుడే వీడియో తీయండి. చెడిపోయిన ముక్క అంటగట్టి వాపసు తీసుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు వేయాలి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఆ క్యాలిపర్‌ని మాత్రం కడగకండి, ఎవరికీ బాగుచేయడానికి ఇవ్వకండి. వచ్చినదాన్ని వచ్చినట్టే కవర్లో వేసి ఉంచండి.