రెండో అంతస్తు ఫ్లాట్‌లో చిన్న ట్రాంపొలీన్: తొమ్మిది నెలలు వాడాక

ఇది 2021 జనవరి నెలాఖరు. కరోనా వల్ల స్కూళ్లు మళ్లీ మూసిన ఈ మూడు వారాల్లో నలుగురు స్నేహితురాళ్లు ఫోన్ చేసి ఒకటే అడిగారు: "మీ ఇంట్లో పిల్లలు గెంతే ట్రాంపొలీన్ ఉంది కదా, కొనొచ్చా?" నలుగురివీ ఫ్లాట్లే. ఎవరికీ పెరడు లేదు. ఆ మాట అయ్యాక, కాస్త గొంతు తగ్గించి ఇంకొకటి కూడా అడిగారు: "రోజుకి ఒక్కసారే బయటికి అంటున్నారు కదా, నువ్వు పిల్లల్ని రెండోసారి తీసుకెళ్తున్నావా?" రెండిటికీ కలిపే జవాబు రాస్తున్నాను. మా ఇంట్లో ఇవి వేరువేరు విషయాలు కావు. మేం ఆ ట్రాంపొలీన్ కొన్నదే రెండోసారి బయటికి వెళ్లే అవసరం రాకూడదని.

మేం ఉండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో, సిమెట్రీ జంక్షన్ దగ్గర. రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, రెండో అంతస్తు, బాల్కనీ కూడా లేదు. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు. పోయిన ఏడాది, 2020 మార్చి 23 రాత్రి ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీలో కనబడి, వ్యాయామానికి రోజుకి ఒక్కసారి మాత్రమే బయటికి వెళ్లొచ్చని చెప్పినప్పుడు, స్కూళ్లు మూసి అప్పటికి మూడు రోజులే అయింది. ఒక్కసారైనా వదిలారు కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను. గుంటూరులో మా నాన్నకి అదీ లేదు. ఇండియాలో మార్చి 25 నుంచి పెట్టిన లాక్‌డౌన్‌లో నడకకని బయటికి వెళ్లడానికి వీలుండేది కాదు. షుగర్ ఉన్న మనిషి, పొద్దునా సాయంత్రం డాబా మీద నలభై చుట్లు లెక్కపెట్టి తిరిగేవాడు. "మీకు పార్కుంది, పచ్చగడ్డి ఉంది. ఇంకా దేనికమ్మా గొడవ?" అనేది అమ్మ.

గొడవ ఏంటంటే, పొద్దున పదికి వెళ్లి పదకొండుకి వచ్చేస్తే ఇంకా ఇరవైమూడు గంటలు మిగిలి ఉండేవి. పామర్ పార్కులో ఊయలలు, జారుడుబండలు ఉన్న చోటు మూసేశారు. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద మా ఆయన ఆఫీసు కాల్స్. బాబు సోఫా మీంచి కిందకీ, కిందనుంచి మంచం మీదకీ దూకేవాడు. రెండో వారానికి రాత్రి పదకొండైనా నిద్రపోయేవాడు కాదు. ఊరికే ఏడ్చేవాడు. ఎందుకు ఏడుస్తున్నావంటే వాడికే తెలిసేది కాదు. అంతకుముందు ఎప్పుడూ అలా ఏడవని పిల్లాడు.

సాయంత్రం ఇంకో అరగంట తీసుకెళ్దామని నేనంటే మా ఆయన ఒప్పుకునేవాడు కాదు. మాది ఇంకా వర్క్ వీసానే. అప్పట్లో రూల్ తప్పితే 60 పౌండ్ల ఫైన్. ఆయన భయం ఆ డబ్బు గురించి కాదు, ఎక్కడో మా పేరు రాసుకుంటే రేపు ఐఎల్ఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, పెట్టినప్పుడు ఏమడుగుతారో అని. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లకి ఈ టెన్షన్ అర్థం కాకపోవచ్చు. మనవాళ్లందరికీ తెలుసు. అందుకే ఏప్రిల్ మొదటి వారంలో ఆన్‌లైన్‌లో ఈ ట్రాంపొలీన్ ఆర్డర్ పెట్టాం.

వస్తువు గురించి చెప్తాను. 40 అంగుళాల గుండ్రటిది, ఆరు కాళ్లు, పట్టుకోవడానికి ముందు ఒక కమ్మీ. మాకు 58 పౌండ్లు పడింది. దేశంలో ప్రతి ఇంటివాళ్లూ అదే కొంటున్నట్టున్నారు, రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. బిగించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు చట్రం తొక్కిపట్టుకోవాలి, ఇంకొకరు స్ప్రింగులు లాగి తగిలించాలి. స్ప్రింగులు వరసగా తగిలించుకుంటూ పోతే చివరివి అందవు. ఒకటి ఇటు తగిలిస్తే దాని ఎదురుగా ఇంకొకటి, అలా బిగించుకుంటూ రావాలి. ఇది కాగితంలో రాసి లేదు. మేం రెండుసార్లు విప్పి బిగించాక తెలిసింది. చేతికి తోలు గ్లవ్స్ వేసుకోండి.

బిగించిన మొదటి రోజు పిల్లల మొహాలు చూసి తీరాల్సిందే. పాప కమ్మీ పట్టుకుని గెంతుతూ అంకెలు చెప్పింది. బాబు నాలుగు వందలు లెక్కపెట్టి దిగి, చెమటలు కారుతూ రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. ఆ రాత్రి తొమ్మిదింటికల్లా పడుకున్నాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి. ఆ ఒక్క రాత్రితోనే మా 58 పౌండ్లు వచ్చేశాయనుకున్నాను.

నాలుగో రోజు కింద ఫ్లాట్ ఆవిడ తలుపు కొట్టి, రెండడుగులు వెనక్కి జరిగి మెట్ల మీద నిలబడింది. కేరళ నుంచి వచ్చిన నర్సు. రాత్రి డ్యూటీలు. కోపంగా మాట్లాడలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముక్కు మీద మాస్కు ఒరుసుకుపోయిన గాటు అలాగే ఉంది. "పగలు పదిన్నర నుంచి మూడు దాకా కాస్త ఆపగలరా? నిద్ర పట్టడం లేదు," అంది. వాళ్ల బెడ్‌రూమ్ సరిగ్గా మా హాలు కిందే. వెళ్తూ వెళ్తూ, "పిల్లల్ని తిట్టకండి" అని కూడా చెప్పి వెళ్లింది.

గురువారం రాత్రి ఎనిమిదింటికి కిటికీ తెరిచి ఆమెలాంటి వాళ్ల కోసమే చప్పట్లు కొట్టేవాళ్లం. అదే చేతులతో మర్నాడు పొద్దున పిల్లల్ని ట్రాంపొలీన్ ఎక్కించి ఆమె నెత్తిన గెంతించాం. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇది ఏ కంపెనీ వివరాల్లోనూ ఉండదు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. స్ప్రింగుల ట్రాంపొలీన్ ఫ్లాట్‌కి పనికిరాదు. గెంతినప్పుడల్లా కిర్రుమనే చప్పుడు మన చెవికి వినబడుతుంది, అది పర్వాలేదు. దిగువకి వెళ్లేది అది కాదు, ఆరు కాళ్ల ద్వారా నేలకి దిగే అదురు. అదురు మనకి వినబడదు, కింద వాళ్లకి తలలో సుత్తి పెట్టి కొట్టినట్టుంటుంది. మేం ముందు ఒకదానికొకటి తగిలించే మెత్తటి పజిల్ మ్యాట్లు రెండు వరసలు వేశాం. కొంచెం తగ్గింది. తర్వాత అమ్మ పాత చీరలతో కుట్టి ఇచ్చిన బొంతని నాలుగు మడతలు పెట్టి ఆ మ్యాట్ల మీద వేసి, దాని మీద ట్రాంపొలీన్ పెట్టాం. బాగా తగ్గిందని ఆవిడే చెప్పింది, కానీ పూర్తిగా పోలేదు. స్ప్రింగుల బదులు లావు ఎలాస్టిక్ తాళ్లు ఉన్నవి వస్తాయి, ధర దాదాపు రెట్టింపు. మా స్నేహితురాలి ఇంట్లో అదే ఉంది, చప్పుడు చాలా తక్కువ. కింద మనుషులుంటే అదే కొనండి. డబ్బు చాలకపోతే కొన్నాళ్లు ఆగి అదే కొనండి.

నర్సు ఆవిడ తన నైట్ డ్యూటీ రోజులు కాగితం మీద రాసిచ్చింది. ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ప్రతి నెలా కొత్త కాగితం ఉంటుంది. ఆ రోజుల్లో పగలు గెంతడం లేదు. మరి ఆ రోజుల్లో పిల్లల్ని ఏం చేయాలి? అప్పుడే నేను రూలు గురించి సీరియస్‌గా చదివాను.

అప్పటి ఇంగ్లండ్ చట్టంలో వ్యాయామానికి బయటికి వెళ్లొచ్చని ఉండేది గానీ ఎన్నిసార్లో ఉండేది కాదు. ఒక్కసారి అన్నది ప్రభుత్వ సూచన. వేల్స్‌లో మాత్రం ఆ లెక్కని చట్టంలోనే రాశారు. గంటే నడవాలన్న మాట కూడా ఒక మంత్రి టీవీ ఇంటర్వ్యూలో చెప్పిందే. ఏప్రిల్ 8న, ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలు లాయర్ల ద్వారా అడిగాక, అలాంటి అవసరం ఉన్నవాళ్లు రోజుకి ఒకసారి కంటే ఎక్కువ వెళ్లొచ్చని సూచనల్లోనే మార్చారు. స్పెయిన్‌లో పిల్లల్ని మార్చి సగం నుంచి ఏప్రిల్ 26 దాకా దాదాపుగా గడప దాటనివ్వలేదు. ఇవన్నీ చదివాక ఆ అంకెని మనుషులే పెట్టారని, అవసరం చూపిస్తే వాళ్లే మార్చారని నాకు అర్థమైంది. మా ఆయనకి ఇదంతా చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "సరే, నైట్ డ్యూటీ రోజుల్లో మాత్రం," అన్నాడు.

అలా ఆ రోజుల్లో రెండోసారి వెళ్లాం. పొద్దున ఏడింటికి, ఎవరూ లేవకముందే, నేను పిల్లలతో కెన్నెట్ నది థేమ్స్‌లో కలిసే చోటుదాకా. సాయంత్రం మా ఆయన బాబుతో పామర్ పార్కు చుట్టూ. పెద్దవాళ్లం మేం చెరొకసారే వెళ్లినట్టు, పిల్లాడు రెండుసార్లు. నది గట్టున దారి చాలా సన్నం, ఎదురుగా మనిషొస్తే రెండు మీటర్లు తప్పుకోవడానికి చోటుండదు, అందుకే ఏడు దాటితే అటు వెళ్లేవాళ్లం కాదు. ఎవరి గేటూ ముట్టుకోలేదు, ఎవరితోనూ నిలబడి మాట్లాడలేదు. పెరడు లేని ఇంటి పిల్లలకి ఆ రెండో అరగంట ఇవ్వడం తప్పని నేను ఇవాళ్టికీ అనుకోవడం లేదు.

కానీ అదే నెలలో మాకు దగ్గరి కుటుంబం ఒకటి, "రేపు పదింటికి పార్కులో అనుకోకుండా కలుద్దాం. పులిహోర తెస్తాను, పిల్లలు ఆడుకుంటారు," అన్నారు. ప్రేమతో అన్నారు. వాళ్ల పిల్లలూ మా పిల్లల్లాగే ఏడుస్తున్నారు. నేను రానన్నాను. వాళ్లు నొచ్చుకున్నారు, కొన్నాళ్లు ఫోన్ చేయలేదు. మా నలుగురం ఒకే ఇంటి గాలి పీలుస్తున్నాం. రెండుసార్లు బయటికెళ్లినా ఆ గాలే. ఇంకో నలుగురు కలిస్తే అలా కాదు. వాళ్ల దగ్గర్నుంచి మేం మా మెట్ల మీదకి ఏం తెస్తామో, ఆ మెట్ల మీద నడిచే మనిషి దాన్ని వార్డుకి ఎవరి దగ్గరికి మోసుకెళ్తుందో ఎవరికీ తెలియదు. తర్వాత ఒకసారి ఈ మాట వచ్చినప్పుడు నర్సు ఆవిడ కూడా, మీరు ఎన్నిసార్లు నడిచారని కాదు, ఎవరి ఇంటికి వెళ్లొచ్చారనే నాకు భయం, అంది.

మే 13 నుంచి లెక్క తీసేశారు, ఎంతసేపైనా తిరగొచ్చన్నారు. అప్పటి నుంచి వేసవంతా ట్రాంపొలీన్ ఎక్కువగా సోఫా వెనక మడిచే ఉంది. మడవడం గురించి ఒక మాట. మడత పెట్టేటప్పుడు స్ప్రింగుల బలానికి చట్రం చటుక్కున మూసుకుంటుంది, వేళ్లు జాగ్రత్త. పిల్లల చేత మడిపించకండి. ఆరో నెలలో స్ప్రింగుల మీద కప్పే గుడ్డ చిరిగింది. అమ్మిన వాళ్లకి రాస్తే మూడుసార్లు ఫోటోలు అడిగి చివరికి ఏమీ పంపలేదు. వేరే చోట 11 పౌండ్లకి కొన్నాను. కాళ్ల రబ్బరు టోపీలు రెండు అరిగిపోయాయి. కమ్మీ బోల్టు నెలకోసారి వదులవుతుంది, మర్చిపోకుండా బిగించాలి. ఒకసారికి ఒక్కరే ఎక్కాలి. బాబు ఒకసారి పల్టీ కొట్టబోయి కాలు చట్రానికి కొట్టుకున్నాడు. ఎముకకి ఏం కాలేదు గానీ, ఆ రోజుల్లో ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే ఎలా ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. ఐదుకి మూడు ఇస్తాను. కింద ఇల్లు లేని వాళ్లయితే నాలుగు.

ఇక ఇప్పుడు, 2021 జనవరిలో. మళ్లీ రోజుకి ఒక్కసారి, మీ ఊరు దాటొద్దు అన్న సూచన. ఫైన్ 200 పౌండ్లు. డార్బీషైర్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఐదు మైళ్లు కారులో వెళ్లి చెరువు దగ్గర నడిచారని ఫైన్ వేసి, తర్వాత పోలీసులే దాన్ని రద్దు చేసి క్షమాపణ చెప్పారు. ఈసారి ఆటస్థలాలు తెరిచే ఉంచారు, ఇంకొక ఇంటి మనిషి ఒక్కరితో కలిసి నడవొచ్చు. మరీ చిన్నపిల్లల్ని లెక్కలోకి తీసుకోరు. మా ఎనిమిదేళ్లవాణ్ణి తీసుకుంటారు. పోయినసారి కంటే రూలు కొంచెం వదులుగా ఉంది, జబ్బు మాత్రం చాలా తీవ్రంగా ఉంది. ఈ మంగళవారం, 26న, బ్రిటన్‌లో కరోనాతో చనిపోయినవాళ్లు లక్ష దాటారని చెప్పారు. అందుకే నేను ఏప్రిల్‌లో కంటే ఇప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉన్నాను. ఊయల దగ్గర జనం ఉంటే లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చేస్తున్నాం. ఇంకో తల్లితో నడక కూడా వద్దనుకున్నాను. నైట్ డ్యూటీ రోజుల్లో పిల్లల రెండో అరగంట మాత్రం ఆపలేదు. నాలుగున్నరకే చీకటి పడుతోంది కాబట్టి, మధ్యాహ్నం బాబు ఆన్‌లైన్ క్లాసు మూడింటికి అవ్వగానే బూట్లు వేస్తున్నాను.

మొన్న ఆదివారం 24న మంచు పడింది. పాప పుట్టాక ఇంత మంచు చూడటం ఇదే మొదలు. పొద్దున పార్కుకి తీసుకెళ్లాను. రెడింగ్ సగం అక్కడే ఉంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి జారుతున్నారు, పెద్దవాళ్లు గుంపులుగా టీ తాగుతున్నారు. దూరంగా చెట్ల వైపు పావుగంట ఆడించి ఇంటికి తెచ్చేశాను. బాబు దారంతా ఏడ్చాడు. ఇంటికొచ్చి ట్రాంపొలీన్ తీయబోయి ఫ్రిజ్ మీద కాగితం చూశాను. నైట్ డ్యూటీ రోజు. ఆవిడ కింద పడుకుని ఉంది.

నాలుగింటికి మళ్లీ బయటికి వెళ్లాం. మా బిల్డింగ్ వెనక కార్లు పెట్టే చోటు, మనిషి లేడు, మంచు ఎవరూ తొక్కకుండా అలాగే ఉంది. చీకటి పడేదాకా ఆడారు. ఇంట్లోకి వచ్చేముందు బాబు నర్సు ఆంటీ కారు అద్దం మీద మంచు చేతులతో తోసేశాడు, పాప అందినంత మేర కింద తలుపు తుడిచింది. వాళ్ల గ్లవ్స్ తడిసిపోయాయి. ఏడింటికి కారు స్టార్టయిన చప్పుడు వినబడి ఇద్దరూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు. ఆ రోజు ట్రాంపొలీన్ సోఫా వెనకే ఉండిపోయింది.