ఈ-ఫ్లైట్ టింబర్ 1.5 మీటర్: చెరువు నీళ్ళ మీద నుంచి ఒక సీజన్ ఎగరేశాక

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ వేశారు గుర్తుందా, చంద్రబాబు గారు కూడా అందులోనే వెళ్ళారు, ఆరోజు టీవీలో అది చూసి మా నాన్నగారు నాకు ఫోన్ చేసి "ఒరేయ్, కృష్ణలోంచి విమానం లేచిందిరా" అన్నారు, ఆ గొంతులో సంబరం నాకింకా గుర్తే. నేనుండేది టెక్సాస్‌లో, అప్పటికి నాలుగేళ్ళుగా ఆర్సీ విమానాలు, అంటే రిమోట్‌తో నడిపే బుల్లి విమానాలు ఎగరేస్తున్నా గానీ అన్నీ గడ్డి మీద నుంచే. ఆ ఫోన్ తర్వాత ఇంక ఆగలేకపోయా, నీళ్ళ మీద నుంచి లేచేది ఒకటి కొనాల్సిందే అనుకుని ఈ టింబర్ తీసుకున్నా.

టింబరే ఎందుకంటే ఫ్లోట్స్, అంటే చక్రాల బదులు తగిలించే పడవల్లాంటి తేలే కాళ్ళు, బాక్స్‌లోనే వచ్చేస్తాయి, విడిగా వెతుక్కోనక్కర్లేదు. రెక్క పొడవు 1555 మిల్లీమీటర్లు, ఫోమ్ బాడీ, తక్కువ వేగంలో కూడా రెక్కకి ఎత్తే బలం పెంచే ఫ్లాప్స్ ఉన్నాయి, నేల మీద ఎగరేసుకోవడానికి పెద్ద పెద్ద లావు టైర్లు కూడా ఇస్తారు. నేను కొన్నది బీఎన్ఎఫ్ బేసిక్, అంటే సిగ్నల్ అందుకునే రిసీవర్ లోపలే ఉంటుంది, స్పెక్ట్రమ్ కంపెనీ ట్రాన్స్‌మిటర్ (మన చేతిలో ఉండే రిమోట్), బ్యాటరీ, చార్జర్ మనవే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ మూడింటి ఖర్చు కూడా కలుపుకుని లెక్కేసుకోండి. బరువు 250 గ్రాములు దాటుతుంది కాబట్టి ఇక్కడి విమానయాన శాఖ ఎఫ్ఏఏ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పదు, 5 డాలర్లు, మూడేళ్ళు పనిచేస్తుంది, ట్రస్ట్ అనే ఆన్‌లైన్ సేఫ్టీ టెస్ట్ ఫ్రీనే. చెరువు ఎవరిదో కనుక్కుని పర్మిషన్ తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

ఇప్పుడు అసలు విషయం, స్టెబిలైజేషన్, అంటే విమానాన్ని గాల్లో నిలకడగా ఉంచే ఏర్పాటు. ఇందులో రెండున్నాయి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఏఎస్3ఎక్స్ అనేది గైరో, గాలి తోసినప్పుడు ఆ కుదుపుని అది అడ్డుకుంటుంది, అంతే, విమానాన్ని తనంతట తాను లెవెల్‌కి తీసుకురాదు. సేఫ్ సెలెక్ట్ అలా కాదు, స్టిక్ వదిలేస్తే రెక్కలు సమానం చేసేస్తుంది, ఎంత ఒరగాలో ముక్కు ఎంత లేవాలో దానికీ ఒక హద్దు పెడుతుంది. దీన్ని నేను ఒక స్విచ్ మీద పెట్టుకున్నా. గాల్లో ఇది నిజంగా ప్రాణం కాపాడుతుంది, మొదటివారం ఎండ కళ్ళల్లో పడి విమానం ఎటు తిరిగిందో తెలియక నేను కంగారు పడితే పక్కనున్న మా బావ "స్టిక్ వదిలెయ్ బావా, అదే సర్దుకుద్ది" అని అరిచాడు, వదిలేశా, సర్దుకుంది. అంతకుముందు పాత ట్రైనర్‌కి ఒక చౌక గైరో బాక్స్ పెట్టా, కంపెనీ పేరెందుకులెండి, పది నిమిషాలు ఎగిరేసరికి మెల్లగా ఎడమకి ఒరిగిపోయేది, దానికీ దీనికీ పోలికే లేదు.

కానీ నీళ్ళ మీద లెక్క వేరు. మొదటిరోజు విమానాన్ని ఒడ్డున నీళ్ళల్లో పెట్టి చేత్తో పట్టుకుని బ్యాటరీ కలిపా. మామూలుగా అయితే రిసీవర్ రెడీ అయ్యాక తోక, రెక్కల మీద కదిలే పలకలు, వాటినే సర్ఫేసులు అంటారు, అటూ ఇటూ ఆడి చూపిస్తాయి. ఎంతసేపు చూసినా కదలవే! రిసీవర్ పోయిందనుకుని గుండె జారిపోయింది. తీరా చూస్తే అలలకి విమానం ఊగుతుంది కదా, గైరోకి మొదట్లో కదలకుండా సమానంగా ఉండాలి, అప్పుడే అది రెడీ అవుతుంది. అప్పట్నుంచి ఒడ్డు మీద చదునుగా ఒక పాత యోగా మ్యాట్ పరిచి దాని మీదే పవర్ ఇస్తున్నా, సర్ఫేసులు ఆడాకే నీళ్ళల్లోకి దించుతా.

రెండోది, నీళ్ళ మీద నడిపేటప్పుడు, లేచేటప్పుడు సేఫ్ ఆపేయండి. ఎందుకంటే అది ఆన్‌లో ఉంటే మన స్టిక్ ఎలివేటర్‌ని (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) నేరుగా కదపదు, ఎంత ముక్కు ఎత్తాలో కోణం చెబుతుంది, ఎలివేటర్ ఎంత కదలాలో అదే చూసుకుంటుంది. మనకేమో నీళ్ళ మీద నడిపేటప్పుడు ఎలివేటర్ పూర్తిగా పైకి ఉండాలి, లేకపోతే ఫ్లోట్ ముక్కులు నీళ్ళల్లో గుచ్చుకుంటాయి.

టేకాఫ్ అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. గాలికి ఎదురు తిప్పి, సగం ఫ్లాప్స్ వేసి, ఎలివేటర్ పట్టుకుని థ్రాటిల్ (మోటార్ పవర్) మెల్లగా పెంచుతుంటే ముందు ముక్కు పైకి లేచి నీళ్ళని చీల్చుకుంటూ బరువుగా పోతుంది, తర్వాత ఉన్నట్టుండి ఫ్లోట్స్ కింద మధ్యలో ఉండే మెట్టు మీదకి ఎక్కుతుంది, అప్పుడు శబ్దమే మారిపోతుంది, బుడబుడ కాస్తా సర్రుమని సన్నటి గీత గీసినట్టు వస్తుంది. ఆ క్షణంలో ఎలివేటర్ వదలాలి, వేగం అందుకున్నాక మళ్ళీ కొంచెం ఇస్తే లేచిపోతుంది. ఆ మెట్టు అక్కడ లేకపోతే నీళ్ళు ఫ్లోట్‌ని కిందే పట్టుకుని వదలవు. అందుకే అద్దంలా నిశ్చలంగా ఉన్న నీళ్ళ కంటే సన్న అలలున్న రోజే తేలిక, దిగేటప్పుడు ఎత్తు కూడా బాగా అంచనా దొరుకుతుంది.

దిగడంలో ఒకసారి దెబ్బతిన్నా. నేల మీద అలవాటు కొద్దీ మీటరు ఎత్తులో థ్రాటిల్ మొత్తం తీసేశా, పైగా గాలి వెనక నుంచి ఉంది. ఫ్లోట్స్‌తో గాలి రాపిడి ఎక్కువ కదా, వేగం టక్కున పడిపోయి ముక్కు వాలింది, ఫ్లోట్ కొనలు నీళ్ళల్లో దిగి విమానం బోల్తా కొట్టింది. ఏఎస్3ఎక్స్ ఆన్‌లోనే ఉంది, కానీ వేగం లేనప్పుడు సర్ఫేసుల మీద గాలే ఉండదు, ఇంక గైరో మాత్రం ఏం చేస్తుంది. బావ కయాక్ వేసుకెళ్ళి పట్టుకొచ్చాడు. బాడీలోంచి గ్లాసుడు నీళ్ళు వంచాం, బ్యాటరీ తీసేసి పక్కన పెట్టేశాం, మిగతాదంతా హ్యాచ్ (బాడీ మీద మూత) తెరిచి ఫ్యాన్ ముందు రెండ్రోజులు ఆరబెట్టా, మళ్ళీ శుభ్రంగా ఎగిరింది. మంచినీళ్ళు కాబట్టి సరిపోయింది, సముద్రపు నీళ్ళయితే ముందు మంచినీళ్ళతో కడగాల్సిందే, ఉప్పు లోపల ఉంటే కనెక్టర్లు, మోటార్ బేరింగులు తినేస్తుంది. ఇప్పుడు హ్యాచ్ చుట్టూ టేప్ వేస్తున్నా, థ్రాటిల్ కొంచెం ఉంచే దింపుతున్నా, ఫ్లోట్స్ తాకాకే తీస్తున్నా. కయాక్ ఎవరి దగ్గరా లేకపోతే మాత్రం నీళ్ళ దగ్గరకి పోవద్దు, విమానం కోసం ఈదుకుంటూ వెళ్ళడం అస్సలు వద్దు.

ఇదే మొదటి విమానంగా కొనొచ్చా అని మా టెంపుల్‌లో ఒకాయన అడిగారు. కొనండి, కానీ ముందు చక్రాలతో గడ్డి మీద సేఫ్ ఆన్ చేసి ఇరవై, ముప్పై సార్లు దింపండి, తర్వాత సేఫ్ తీసేసి ఉత్త ఏఎస్3ఎక్స్‌తో చేయి తిరిగాకే ఫ్లోట్స్ తగిలించండి. రెండు మూడేళ్ళుగా ఎగరేస్తున్నవాళ్ళయితే ఆలోచించక్కర్లేదు. నాన్నగారు వేసవిలో ఇక్కడికి వస్తున్నారు, ఆయన కోసం ఇంకో బ్యాటరీ ఆర్డర్ పెట్టా.