సామాజిక బాధ్యత పేరిట ప్రీలాంచ్ ఫ్లాట్లు: కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక సంగారెడ్డి వైపు ప్రీలాంచ్ ధరకు, అంటే అనుమతులు రాకముందే పెట్టే తక్కువ ధరకు, ఫ్లాటు కొనే ఆలోచనలో ఉన్నవారు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. 2021లో ఒక నిర్మాణ సంస్థకు నేను 38 లక్షల రూపాయలు ఒకే విడతలో చెల్లించాను. ఇప్పటికీ ఆ స్థలంలో ఉన్నది ప్రహరీ గోడ, ఒక ఇనుప గేటు, రంగు వెలిసిన బోర్డు మాత్రమే. వ్యవహారం విచారణలో ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు.

నన్ను ఒప్పించినది తక్కువ ధర ఒక్కటే కాదని ముందే ఒప్పుకోవాలి. అప్పటికి కోవిడ్ రెండో దశ తగ్గి నెలలు గడవలేదు. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కార్మికులతో బయలుదేరిన తొలి శ్రామిక రైలు అందరికీ గుర్తుంది. అందులో వెళ్లినవారు కంది దగ్గర ఐఐటీ భవనాలు కట్టినవారే. సంస్థ బ్రోషరులో ఆ దృశ్యాన్ని తలపించే ఫోటో వేసి, నగరం మళ్లీ కోలుకోవాలంటే ఇల్లు కట్టేవాడికీ నీడ ఉండాలని రాశారు. పదకొండో పేజీలో కూలీల పిల్లలకు బడి, ఉచిత వైద్యశాల, ఎకరంన్నర ఆక్సిజన్ పార్కు, నర్సులకూ పారిశుద్ధ్య కార్మికులకూ తగ్గింపు ధరకు పదో వంతు ఫ్లాట్లు అని వరుసగా హామీలు ఉన్నాయి. మా ఇంట్లో ఒక నర్సు ఉంది. ఆ పేజీ చదివాక నా అనుమానాలు సగం చచ్చాయి.

సైటు చూడడానికి వెళ్లినప్పుడు బడి అని ఒక రేకుల షెడ్డు చూపించారు. గోడల మీద అక్షరమాల అందంగా రాయించారు గానీ, బెంచీలకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా విప్పలేదు. పిల్లలు ఎవరూ లేరేమని అడిగితే ఈ రోజు సెలవు అన్నారు, అది మంగళవారం. రెండో సారి వెళ్లేసరికి అదే షెడ్డులో సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. మొదటి సారే ఆగి ఉండవలసింది, రెండో సారికి అప్పటికే డబ్బు కట్టేశాను.

నాకు అమ్మింది నిజానికి ఫ్లాటు కాదు. దస్తావేజు ప్రకారం 6 ఎకరాల భూమిలో 48 చదరపు గజాల విభజించని వాటా, అంటే బజారులో యూడీఎస్ అని పిలిచేది. అందులో ఫ్లాటు నంబరు లేదు, అంతస్తు లేదు, బ్లాకు లేదు. విడిగా 100 రూపాయల స్టాంపు కాగితం మీద ఇచ్చిన ఒప్పందంలో మాత్రం ‘ఫ్లాటు తరువాత కేటాయించబడును’ అని ఒక వాక్యం ఉంది. చుట్టుపక్కల చదరపు అడుగు 5,000 పలుకుతుంటే వీరు 3,200కే ఇస్తామన్నారు. షరతు ఒక్కటే, మొత్తం సొమ్ము నెల రోజుల్లో కట్టాలి. అనుమతి పొందిన ప్లాను లేనందున ఏ బ్యాంకూ గృహరుణం ఇవ్వలేదు. బ్యాంకు వద్దన్న చోట నేను పీఎఫ్ అడ్వాన్సు, బంగారం, నాన్నగారి పదవీ విరమణ సొమ్ము కలిపి ధైర్యం చేశాను. బ్యాంకు నిరాకరణను నేను కాగితాల ఆలస్యం అనుకున్నాను, అది హెచ్చరిక.

చట్టం ఏమంటుందో నేను తరువాత చదివాను. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం (దాన్ని అమలు చేసే రాష్ట్ర సంస్థనూ రెరా అనే అంటారు) సెక్షన్ 3 ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 మించినా, రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగు తీసుకోవడం కూడా నిషిద్ధం. సెక్షన్ 13 ప్రకారం రిజిస్టరు చేసిన విక్రయ ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోరాదు. నమోదైన ప్రాజెక్టు అయితే కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, నిర్మాణానికీ భూమి ఖర్చుకే వాడాలి. మా విషయంలో వీటిలో ఒక్కటీ జరగలేదు. ఆలస్యం ఎందుకని అడిగిన ప్రతిసారీ కోవిడ్ అనే సమాధానం వచ్చింది. కోవిడ్ కారణంగా గడువు ఆరు నెలలు పెంచమని 2020 మేలో కేంద్రం రాష్ట్రాల రెరాలకు సూచించిన మాట నిజమే, కానీ అది నమోదైన ప్రాజెక్టుల గడువు గురించి. అసలు నమోదే లేని ప్రాజెక్టుకు పొడిగించడానికి గడువు ఎక్కడిది?

అనుమతి రాకపోవడానికి అసలు కారణం గ్రామ పటం, చెరువు పటం పక్కపక్కన పెట్టి చూసిన రోజున తెలిసింది. స్థలానికి ఉత్తరాన చెరువు ఉంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు బఫర్‌గా వదలాలి. అందులో కట్టడం కుదరదు. బ్రోషరులో ఉదారంగా నగరానికి వదిలినట్టు ఆకుపచ్చగా వేసిన ఆక్సిజన్ పార్కు సరిగ్గా ఆ బఫర్ మీదే ఉంది. ఎలాగూ కట్టలేని నేలకు సామాజిక బాధ్యత అని పేరు పెట్టి, దాని విలువను మా చదరపు గజాలలో కలిపి అమ్మారు. మోసంలో ఇంత పొదుపరితనం నేనెక్కడా చూడలేదు.

కాబట్టి కొనే ముందు తెలంగాణ రెరా వెబ్‌సైటులో నమోదు సంఖ్య స్వయంగా వెతకండి. బోర్డు మీద ‘రెరాకు దరఖాస్తు చేశాం’ అని ఉంటే అది నమోదు కాదు. భూమి వ్యవసాయేతరంగా మారిందా, ఈసీలో, అంటే ఆస్తి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో, ఏ తాకట్టు ఉంది, చెరువు హద్దు ఎక్కడి వరకు ఉందనేవి మీ న్యాయవాది చేత చూపించుకోండి, సంస్థ ఏర్పాటు చేసిన న్యాయవాది చేత కాదు. అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణ విస్తీర్ణంలో పది శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థ పేర తనఖా పెట్టించుకుంటారు; మీ ఫ్లాటు ఆ పది శాతంలో పడిందేమో అడగండి. హరిత భవనం ముద్ర చూపితే అది డిజైను దశలో ఇచ్చే ముందస్తు ధ్రువీకరణా, పూర్తయ్యాక ఇచ్చినదా తేల్చుకోండి. కార్మికుల సంక్షేమం గురించి చెబితే నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మిక సెస్సు కట్టిన రసీదు చూపమనండి. దానధర్మాల ఫోటోలకంటే ఆ రసీదు ఎక్కువ చెబుతుంది.

బాధ్యతతో కట్టే సంస్థలు లేవని నా అభిప్రాయం కాదు. కోవిడ్ కాలంలో కూలీలకు జీతాలు ఆపకుండా తిండి పెట్టి నిలుపుకున్న చిన్న బిల్డరు ఒకాయన మా కాలనీలోనే ఉన్నారు. ఆయన ఆ సంగతి ఏ బ్రోషరులోనూ వేయలేదు.

ఇప్పుడు మేము ముప్పై మందిమి కలిసి రెరాకు ఫిర్యాదు చేశాం. వడ్డీతో సహా సొమ్ము వాపసు కోరే హక్కు సెక్షన్ 18 ఇస్తుంది. ప్రకటనలో తప్పుడు మాట నమ్మి నష్టపోయినవారికి పరిహారం సెక్షన్ 12 కిందికి వస్తుంది. ఆర్డరు వచ్చినా సంస్థ కట్టకపోతే భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించుకోవాలి, దానికి మళ్లీ తిరుగుడు తప్పదు. ఇదే ప్రాజెక్టులో కొన్నవారు ఎవరైనా ఉంటే బ్రోషరు, వాట్సాప్ సందేశాలు, చెల్లింపు రసీదులు పారేయకండి. నా బ్రోషరులోని పదకొండో పేజీ రంగుల జిరాక్సు తీసి ఫిర్యాదుకు జతచేశాను. రేకుల షెడ్డులో సిమెంటు బస్తాల ఫోటో దాని కిందనే అతికించాను.